జమ్మిబంగారము – హిమాయత్‌నగరపు దసరా

రజతోత్సవ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని మన గ్రంథాలయ కార్యదర్శిగారు కోరినప్పుడు, శాసనములను గూర్చియో దుర్గములను గూర్చియో వ్రాయుట నాబోటివానికి తగదని తోచినది. ఆ పనికి పండితులు గలరు. నేను గ్రామ లెక్కలు వ్రాసికొని జీవించువాడను. కావ్యములను గురువు లేకయే, నిఘంటువును ప్రక్కన నుంచుకొని, రాత్రివేళల చదివికొన్నవాడను. నాకు కొంత తెలిసినది గడపల చరిత్ర. కావున దసరా పండుగకు మనవారు ఇండ్లను అలంకరించు విధమును, ఆ దినములలో ఇంటివారు తమకు మేలు చేసినవారిని తలచుకొను ఆచారమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇందుకు హైదరాబాదులోని హిమాయత్‌నగరమును ఉదాహరణముగా గైకొనుటకు కారణము గలదు. మన యూరినుండి వెడలి ఆ పేటలో కాపురమున్న కుటుంబములు కొన్ని గలవు. ఇరువదియైదేండ్ల క్రిందట మన గ్రంథాలయమునకు తొలి బీరువాడు పుస్తకములు వచ్చినది వారి యిండ్లనుండియే. పండుగనాళ్లలో నేను పలుమారు వారి యిండ్లకు వెళ్లియుంటిని. పల్లెలోని ఆచారము పట్టణమునకు పోయినప్పుడు దానిలో ఏది నిలుచును, ఏది రాలును అను ప్రశ్నకు ఆ వీథులలో సమాధానము కొంత దొరకును.

మొదట ఒక మాటను గూర్చి చెప్పవలెను. మన యిండ్లలో అన్నము పెట్టిన తల్లికి 'ధన్యవాదము' చెప్పు కుమారుడు లేడు; చెప్పినచో ఆమె నొచ్చుకొనును, లేదా జ్వరము తగిలినదేమోయని నుదురు తాకి చూచును. అంతమాత్రమున మనవారికి కృతజ్ఞత లేదనరాదు. కృతజ్ఞుడనగా చేయబడినదానిని ఎరిగినవాడు అని పదమునకు అర్థము. పలుకుట అందులో లేదు, ఎరుగుట మాత్రమే కలదు. హిమాయత్‌నగరములో బిడ్డలను అమెరికాకు పంపిన తలిదండ్రులు, అచట నవంబరు నెల నాలుగవ గురువారమున కృతజ్ఞతాదినము జరుగునని, ఆనాడు కుటుంబమంతయు ఒక బల్ల చుట్టు కూర్చుండి ఎవరెవరు దేనికి కృతజ్ఞులో నోరార చెప్పుకొందురని నాకు చెప్పిరి. లింకను అధ్యక్షుడు 1863లో ప్రకటించిన ఆ పండుగకు 1941లో చట్టము చేసి దినము స్థిరపరచిరి. మంచి ఆచారమే. మనది వేరు త్రోవ. మనము నోటితో చెప్పము; సున్నముతో, పసుపుతో, పూలతో, ఆకుతో చెప్పుదుము.

వానలు వెనుకబట్టి, గోడలకు పట్టిన చెమ్మ ఆరు కాలమున ఈ పండుగ వచ్చును. భాద్రపదము కడచునాటికి మట్టిగోడలు పెచ్చులూడియుండును, గడపచెక్క నాచుపట్టియుండును. కనుక ఇల్లు కడిగి, గోడలకు సున్నము వేసి, అడుగున జాజుతో ఎఱ్ఱని పట్టె తీర్చి, గడపకు పసుపు రాచి కుంకుమ బొట్లు పెట్టుట అలంకారముకంటె ముందు ఒక మరమ్మతు. నాలుగు నెలలు వానను మోసి మనలను కాచిన యింటికి మనము చేయు ఉపచారము. ద్వారమునకు మామిడి తోరణము, దానిపై బంతిపూల దండ కట్టుదురు. బంతి అప్పుడే విరగబూయును. తంగేడు, గునుగు చేలగట్ల మీద ఎవరును నాటకయే పూచును. ఆ ఋతువు ఏమి యిచ్చెనో దానినే తెచ్చి ద్వారమున చూపుట ఈ అలంకరణములోని పద్ధతి.

బతుకమ్మలో ఈ పద్ధతి పరిపూర్ణముగా కనుపించును. భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలిడి, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగియు ఈ పండుగను మన పాఠకులకు వర్ణించి చెప్పనక్కరలేదు. తాంబాళమునందో, మేదరివారు అల్లిన సిబ్బియందో గుమ్మడాకులు పరచి, తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి, చామంతి, కట్లపూలు వరుసవరుసలుగా పేర్చి, శిఖరమున పసుపు గౌరమ్మను నిలుపుదురు. ఆడి పాడిన పిమ్మట దానిని చెరువులో విడుతురు. గుడిలోని దేవునికి పువ్వులు వేయుట ఎల్లెడల గలదు. ఇచట పువ్వులే దేవత. ఆరవనాడు బతుకమ్మ అలిగినదని ఆడుట మానుదురు. అలుకకు ఒక దినము కేటాయించిన పండుగ మరియొకటి కలదో లేదో నేనెరుగను. అత్తవారింటినుండి వచ్చిన ఆడుబిడ్డ ఎన్ని దినములు నవ్వుచునే యుండగలదు? ఆమె మౌనమునకు కూడ మనవారు పండుగలో తావిచ్చిరి. ఇది పూర్వులలో పురుషులకు తోచిన ఏర్పాటు కాదని నా అభిప్రాయము.

పూలన్నియు చివరకు నీటికి చేరును. చెరువు నిండినందుకు చెరువునకే పూలు. అయితే నీరు ఎల్లప్పుడు మేలే చేయునా? 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తినది. వేలమంది మరణించిరి. పంచాంగపు లెక్క వేసి చూడగా అది కీలక నామ సంవత్సర ఆశ్వయుజ మాసము, నవరాత్రులు ఆరంభమైన మూడవనాటి ప్రాంతము. అనగా నగరములో కొన్ని యిండ్ల ముంగిట బతుకమ్మలు పేర్చియుండిన దినములలోనే ఆ వరద వచ్చినది. ఆనాడు ఉస్మానియా ఆసుపత్రి ఇప్పుడున్న ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని గలదు. ఏటేట సెప్టెంబరు 28న కొందరు దానిక్రింద చేరి ఆ దినమును స్మరించుచున్నారు. చెట్టునకు కృతజ్ఞత చెల్లించుట పురాణములలోని మాట మాత్రమే కాదనుటకు నాంపల్లికి, ఆబిడ్సుకు ఇంత చేరువలోనే సాక్ష్యమున్నది.

వరద పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలను అనుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరమును 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరమును 1927లోను పూర్తిచేసిరి. రెండవది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ జ్యేష్ఠకుమారుడైన హిమాయత్ అలీఖాన్ పేర వెలసినది. మన వ్యాసమునకు ఆధారమైన పేటకును అదే పేరు. ఊరిని ముంచిన నీటిని నిలిపిన కట్టకును, పిమ్మట ఊరు పెరిగిన పేటకును పేరొక్కటి యగుట లెక్కలు వ్రాయువానికి వింతగా తోచును.

హిమాయత్‌నగరమునకు ఒకవైపు కింగ్‌కోఠీ, ఒకవైపు నారాయణగూడ, మరియొకవైపు హుస్సేన్‌సాగరపు కట్టకు పోవు బాట. చుట్టుపట్ల తెనుగు చదువునకు కావలసినవి చాల కలవు. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము సుల్తాన్‌బజారులో. రాజబహద్దరు వేంకటరామరెడ్డిగారి పూనికతో 1918లో వెలసిన రెడ్డి హాస్టలు. నారాయణగూడలో 1928లో మాడపాటి హనుమంతరావుగారి ప్రోత్సాహముతో ఏర్పడిన బాలికల పాఠశాల. బొగ్గులకుంటలో 1943 నాటి సారస్వత పరిషత్తు. ఈ చుట్టుప్రక్కలనే నివసించి 'గోలకొండ పత్రిక'ను 1926లో ప్రారంభించిన సురవరం ప్రతాపరెడ్డిగారు 'హిందువుల పండుగలు' అను గ్రంథమును కూడ రచించిరి. మన పండుగలకు చరిత్ర వ్రాయదగునని తెనుగువారికి చూపిన పెద్దలలో ఆయన ఒకరు. ఆయన పుస్తకమును చదివియుండకున్నచో నేనీ వ్యాసమునకు సాహసించియుండను.

పల్లెలనుండి చదువునకును, కొలువులకును వచ్చిన కుటుంబములు ఈ పేటలో ఇండ్లు కట్టుకొనునప్పుడు తమ దసరాను వెంట తెచ్చుకొనిరి. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప కోస్తా, రాయలసీమ జిల్లాలనుండి ఉద్యోగులు వచ్చి ఆ వీథులలోనే చేరిరి. వారు తెచ్చినది బొమ్మలకొలువు. కోస్తాలో పెక్కుమంది సంక్రాంతికి పెట్టు కొలువును, రాయలసీమవారు దసరాకు పెట్టుదురు. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది – ఎప్పుడును బేసి మెట్లు. తెల్లని వస్త్రము పరచి, పై మెట్టున దేవతలు, క్రింది మెట్లమీద కొండపల్లి పల్లెపడుచులు, ఏటికొప్పాక లక్కపిడతలు, నిర్మల బొమ్మలు. కొండపల్లివారికిని నిర్మలవారికిని పొణికికొయ్య, ఏటికొప్పాకవారికి అంకుడుకొయ్య. గన్‌ఫౌండ్రీలోని లేపాక్షి విక్రయశాలలో ఇవన్నియు ఒక్కచోట దొరకుటచేత, హిమాయత్‌నగరపు కొలువులలో తెనుగునేల నలుమూలలు ఒక్క మెట్టుమీద కూర్చుండెను.

ఒక ఇంటిలో నేను చూచిన కొలువు మరువరానిది. అడుగు మెట్టున, దేవతలకు దూరముగా, ఒక పాత కాఫీ మర, ఒక తాళపుచెవుల గుత్తి, తాతగారి ముక్కుటద్దములు ఉంచిరి. ఇవి బొమ్మలు కావు గదా యంటిని. "ఇవి లేకపోతే బొమ్మలు కొనడానికి ఇల్లెక్కడిదండీ?" అని ఆ యింటి పెద్దమ్మగారు బదులు చెప్పినది. ఆయుధపూజ తత్త్వమును ఇంతకంటె చక్కగా ఏ వ్యాఖ్యాతయు చెప్పియుండలేదు.

ప్రక్కయింట మహారాష్ట్రులు, ఎదురింట కన్నడిగులు. 1956 వరకు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడ హైదరాబాదు రాజ్యములోనివే యగుటచేత ఆ కుటుంబములు అచటనే నిలిచిపోయెను. విజయదశమి సాయంకాలమున తెనుగువారు జమ్మియాకు నిచ్చిన, మహారాష్ట్రులు మనము ఆరె యని పిలుచు చెట్టు ఆకు నిత్తురు. ఇరువురును దానిని 'బంగార' మందురు. పేటలో ఉర్దూహాలు గలదు, ఉర్దూ మాటాడు కుటుంబములును గలవు. ఆ యిండ్లకు కూడ ఆనాడు ఆకు వెళ్లుట, రంజానునాడు ఆ యిండ్లనుండి సేమ్యాల గిన్నె వచ్చుట నేను చూచియున్నాను. గిన్నెను ఖాళీగా తిప్పి పంపరాదు గనుక దానిలో చక్కెరయైన వేసి పంపుదురు. ఆ గిన్నె ఎవరిదో ఇరుకుటుంబములును మరచియుండవచ్చును.

ఇంతవరకు పండుగయొక్క వెన్నెలవైపు చెప్పితిని. రెండవ ప్రక్కను చెప్పకున్నచో నేను లెక్కలు వ్రాయువాడనే కాను.

దసరా రాజులకు వసూళ్ల కాలము. విజయనగర సామ్రాజ్యమున మహర్నవమి తొమ్మిది దినములు ఎంత వైభవముగా జరిగెడివో పోర్చుగీసు యాత్రికులు డోమింగో పేస్, ఫెర్నావో న్యూనిజ్ వ్రాసియుంచిరి. హంపిలోని మహర్నవమి దిబ్బ నేటికిని ఉన్నది. నాయకులు తమ నాడులనుండి రాజునకు చెల్లింపవలసిన సొమ్మును ఆ యుత్సవ దినములలోనే చెల్లించువారని న్యూనిజు వ్రాత. పంట చేతికందు కాలము, దండయాత్రకు బాటలు ఆరు కాలము, అప్పులు తీరు కాలము ఒక్కటియే యగుట దీనికి హేతువు. నిజాము రాజ్యములోని ఫసలీ సంవత్సరము కూడ అక్టోబరు 6వ తేదీ ప్రాంతమున ఆజూరు మాసముతో ఆరంభమగుచుండెను. ఆ వరదయేటి విజయదశమికిని ఫసలీ 1318 మొదటి దినమునకును ఎడము దాదాపు లేదు. పట్వారీ ఆ దినములలో క్రొత్త చిట్టా విప్పి, దానికి పసుపు పెట్టి, కలమునకు బొట్టు పెట్టి పూజించువాడు. దేనికి మ్రొక్కుచున్నాడో వానికే తెలియవలెను!

రాజునకు నజరానా, దేశముఖునకు కానుక, పల్లెలో దొరగడీకి పండుగ మేక, తంగేడుపూల మోపులు, కుమ్మరి క్రొత్తకుండలు, మేదరి సిబ్బులు – ఇవన్నియు పండుగపేర పైకి ప్రవహించెడివి. ఇచ్చుట యిచ్చువాని ఇష్టము కాకపోయినను దానిని భక్తియనిరి, విశ్వాసమనిరి. దానికి సరియైన పేరు వెట్టి. 1921లో హైదరాబాదున ఏర్పడిన ఆంధ్రజనసంఘమును, 1930లో సురవరంవారి అధ్యక్షతన జోగిపేటలో మొదటి సభ జరుపుకొన్న ఆంధ్రమహాసభయు వెట్టిచాకిరిని ఎదిరించుటకు పూనుకొన్నవి. ఆ పోరాటములో పట్వారీ కలము తరచుగా ఏ పక్షమున వ్రాసెనో పెద్దలు ఎరుగుదురు; నేను మా కులవృత్తిని వెనుకవేసికొని రాను. నిర్బంధముచేత పుచ్చుకొన్నదానిని కృతజ్ఞతయని జమకట్టిన లెక్క దొంగలెక్క. ఈనాడు జాంబాగు అంగళ్లలో తంగేడు తూకమునకు అమ్ముచున్నారని వాపోవువారితో నేను ఏకీభవింపను. వెట్టికి మోసితెచ్చిన తంగేడుకంటె వెలయిచ్చి కొన్న తంగేడు పవిత్రము.

అయితే వెల చెల్లించినంతనే ఋణము తీరునా? ఈ చిక్కును కాళిదాసు రఘువంశము అయిదవ సర్గలో ఎంత నేర్పుతో విప్పెనో చూడుడు. కౌత్సుడు వరతంతు మహర్షికి శిష్యుడు. విద్య ముగిసిన పిమ్మట గురుదక్షిణ యేమి ఈయవలెనని అడిగెను. నీవు చేసిన సేవయే చాలునని గురువు చెప్పెను. శిష్యుడు వినక మరల మరల అడిగెను. గురువునకు కోపము వచ్చి, నేర్పిన విద్యలు పదునాలుగు గనుక పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజును చేరునప్పటికి ఆయన విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి, మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో ఉండెను. రఘువు కుబేరునిపై దండెత్త నిశ్చయించెను. ఆ రాత్రి కోశాగారమున బంగారువాన కురిసెను. రఘువు అంతయు గైకొమ్మనెను. కౌత్సుడు గురువునకు ఈయవలసినంతకు మించి ముట్టననెను.

కథ యందరికి తెలిసినదే. నేను గమనింపుమని వేడునది ఒక్క విషయము: సేవయే చాలునన్నప్పుడు అచట అంకె లేదు. శిష్యుడు పట్టుబట్టిన పిమ్మటనే అంకె పుట్టినది. కృతజ్ఞతకు మొత్తము కట్టవలెనని కోరుట చేతనే అది అప్పుగా మారినది. గురువు కోపము దక్షిణ కొరకు కాదు. తనకును శిష్యునకును నడుమ నున్నదానికి పద్దు తెరిపించినందుకు. నలుబది యేండ్లుగా పద్దులు కట్టుచున్న కుటుంబమునుండి వచ్చినవాడను గనుక నాకు ఈ ఘట్టము చదివినప్పుడెల్ల గుండె కలుక్కుమనును.

మరియొక విశేషము. కాళిదాసు వ్రాతలో బంగారము కురిసినది కోశగృహమున. జమ్మిచెట్టు ప్రసక్తి అచట లేదు. ఆ సువర్ణము శమీవృక్షముపై కురిసినదని, ఆ కారణమున ఆ యాకు బంగారమని చెప్పుట జనుల కథ. కవి రాజు కొట్టులో పోసిన బంగారమును జనులు ఊరిబయటి ముండ్లచెట్టు మీదికి తెచ్చుకొనిరి! మహాకవిని సవరించు సాహసము జనులకే చెల్లును. విరాటపర్వములో పాండవులు అజ్ఞాతవాసమునకు ముందు తమ ఆయుధములను శ్మశాన సమీపమున దాచినది కూడ ఆ జమ్మి మీదనే. తిక్కన సోమయాజి తెనుగున ఆ ఘట్టమును చదివినవారు, సంవత్సరముపాటు అడుగక, చెప్పక, ఒక నమ్మకమును మోసిన చెట్టుగా దానిని తలతురు. కరవులో పచ్చగా నిలుచు చెట్టు అది. పశువులకు మేత, పొయ్యికి కట్టె, పంటభూమికి సారము. తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడగనే జమ్మిని రాష్ట్రవృక్షముగను, తంగేడును రాష్ట్రపుష్పముగను, పాలపిట్టను రాష్ట్రపక్షిగను, బతుకమ్మను రాష్ట్రపు పండుగగను ప్రకటించుట ఉచితమే. పాలపిట్టను బోనులో బంధించి ఇంటింట చూపి డబ్బులు దండుకొనుట మాత్రము అనుచితము, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఎగురుచుండగా చూచిననే శుభము.

జమ్మియాకునకు గల గొప్ప గుణము దానికి విలువ లేకపోవుటయే. చిన్నవారు పెద్దల చేతిలో నుంచి పాదములంటుదురు. సమవయస్కులు ఇచ్చిపుచ్చుకొని, అలయ్‌బలయ్ అని కౌగిలించుకొందురు. ఆ మాట పేరుగానే 2005 నుండి బండారు దత్తాత్రేయగారు హైదరాబాదున ఏటేట దసరా సమ్మేళనము జరుపుచున్నారు. ఈ మధ్య అది నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమున జరిగినది. ఆకును దాచికొన్నను ఎండిపోవును, అమ్మికొన్నను కొనువాడు లేడు. నజరానావలె పైకి పోయి పేరుకొనదు, పద్దులోనికి ఎక్కదు. ఏడాదికి ఒకమారు 'నీవు చేసినది నేనెరుగుదును' అని చెప్పుటకు ఇంతకంటె తగిన నాణెము లేదు.

ఇక మన యూరి సంగతి. జమ్మిపూజనాడు శమీశ్లోకమును కాగితముపై వ్రాసి, దానిక్రింద ఇంటివారి పేర్లన్నియు వ్రాసి, కొమ్మకు కట్టుట తెనుగునాట చాలచోట్ల గలదు. మా తండ్రిగారు 1984లో పట్వారీ పదవులు రద్దగువరకు ఆ పనిలో నుండిరి. వ్రాయనేర్చినవారు తక్కువగా నున్న దినములు. దసరానాటి మధ్యాహ్నము మా యరుగుమీద జనము కూర్చుండి పేర్లు చెప్పుచుండగా ఆయన వ్రాయుచుండువారు. తప్పులు దొర్లకుండ ముందు చిత్తు వ్రాసికొనుట ఆయన అలవాటు. పాత చిట్టాల వెనుక పుటలలో అట్టి చిత్తుప్రతులు తొమ్మిది సంవత్సరములవి నాకు దొరకినవి.

ముందు పుటలలో భూమి లెక్క. వెనుక పుటలలో జమ్మి లెక్క. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదువుట నాకు గొప్ప పాఠమైనది. భూమిలెక్కలో సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు, పట్టాదారు పేరు. ఆడువారి పేరు అరుదు. వచ్చినను వితంతువుగనే వచ్చును. జమ్మిలెక్కలో ప్రతి యింటను ఆడువారు గలరు. పెండ్లియై వెడలిన కూతుండ్ర పేర్లు గలవు. పొత్తిళ్లలోని బిడ్డకు ఇంకను నామకరణము కాకున్నచో 'చిన్నపాప' అని వ్రాసిరి. ఒక కాపు తన కాడెద్దుల రెంటి పేర్లు కూడ వ్రాయించెను. మా తండ్రిగారు వాటిని కొట్టివేయలేదు. మనుష్యులకును ఎద్దులకును నడుమ ఒక గీత గీచి వ్రాసిరి. ఒక ఇంటి పేర్ల చివర 'నీళ్లు మోయు ముసలమ్మ' అని యున్నది. వరుసగా ఆరేండ్లు అట్లే యున్నది, ఏడవయేట లేదు. ఆమె పేరు ఆ యింటివారు వ్రాయింపలేదు. తలచుకొనిరి, కాని పేరడుగలేదు. ఆ పంక్తిని మెచ్చుకొనవలెనో, సిగ్గుపడవలెనో ఈనాటికిని నేను నిర్ణయింపలేకున్నాను.

హిమాయత్‌నగరమున ఇప్పుడు మేడలమీద మేడలు. బతుకమ్మను క్రింద బండ్లు నిలుపు తావున ఆడి, కొందరు నీటితొట్టిలో విడుచుచున్నారు, కొందరు హుస్సేన్‌సాగరమునకు కొనిపోవుచున్నారు. 1562 నాటి ఆ చెరువు కట్టపై 2014లో సద్దుల బతుకమ్మ ప్రభుత్వోత్సవముగ జరిగినది. బొగ్గులకుంటలో కుంట లేదు, పేరు మాత్రమున్నది. అంబర్‌పేటలోని బతుకమ్మకుంటకు మాత్రము 2025లో మరల నీరు వచ్చినది. త్రవ్వగా ఊట పైకి లేచెనని విని సంతోషించితిని. జమ్మిరెమ్మలు మూలమలుపులలో అమ్ముచున్నారు. వెలలేని ఆకునకు వెల వచ్చుట నాకు కష్టముగనే యున్నది, చెట్లను కొమ్మలకు కొమ్మలు నరికి తెచ్చుట మరింత కష్టము. అయినను ఆ రెమ్మను కొన్న యిల్లాలు దాని నేమి చేయునో కూడ చూడవలెను. నేను చూచిన ఇంటిలో ఆమె మొదట అత్తగారికి, పిదప మగనికి, తరువాత మెట్లు దిగి వెడలి కావలివానికి, అంట్లుతోము ఆమెకు, ఇస్త్రీబండివానికి ఆకు నిచ్చినది. పండుగ సొమ్ము వేరుగ నిచ్చినది. సొమ్ము ఎడమచేతి సంచినుండి, ఆకు కుడిచేత.

ఆ యింటివారికి పేర్ల కాగితము కట్టుటకు చెట్టు లేదు. వారు కాగితము వ్రాసి, మడిచి, మన యూరికి వచ్చు వారెవరిచేతనైన పంపుదురు. గత సంవత్సరము హిమాయత్‌నగరమునుండి అట్టివి నాలుగు వచ్చినవి. చెరువుగట్టు జమ్మికి నేనే కట్టితిని. ఒకదానిలో అమెరికాలోని మనుమరాలి పేరు ఆంగ్లలిపిలో నుండగా ప్రక్కన తెనుగున వ్రాసి కట్టితిని.

తొమ్మిదేండ్ల చిత్తుప్రతులను ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయమునకు అప్పగించుచున్నాను. అవి రెండవ బీరువా పై అరలో, ఎఱ్ఱగుడ్డ మూటలో ఉండును. మన యూరిలోనివారును, హిమాయత్‌నగరమునుండి పండుగకు వచ్చువారును తమ యింటి పుటను చూచుకొనవచ్చును. వాటిలో 'చిన్నపాప' అని యున్నవారు నేడు నడివయస్కులై యుందురు. వచ్చి పేరు చెప్పినచో పెన్సిలుతో అంచున వ్రాసికొందుము. నీళ్లు మోయు ముసలమ్మ పేరు ఎరిగిన వృద్ధులెవరైన ఉన్నయెడల దయచేసి నాకు గాని గ్రంథపాలకునకు గాని తెలుపగలరు.